గోడౌన్లో జపాను వాన

ఇందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. అమ్మవారి మీద ఒట్టు. అది చాలదనేవాళ్ళకి నా రెండు కళ్ళ మీద ఒట్టు. నా సంగతి తెలిసినవాళ్ళు ఈపాటికే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. నాగావళి వరదలో కొట్టుకొచ్చిన మొసలికి మా తాత వీపు తోమి పంపించాడని నేను చెప్పుకు తిరిగిన మాట వాస్తవం. అది కల్పన అన్న మాటా వాస్తవమే. ఇది మాత్రం ఆ జాతి కాదు. దీంట్లో మనుషులు, డబ్బాలు, నక్క, వాన, అన్నీ ఉన్నవి ఉన్నట్టే చెబుతున్నాను.

మొన్న మా ఎదురింటాయన టీవీలో వస్తున్న జపాను బొమ్మల కథ చూసి విసుక్కున్నాడు. “ఏటండీ ఇవి! ఒకటి సూస్తే అన్నీ సూసినట్టే. అరసెయ్యంత కళ్ళు, నోరు తెరిస్తే అరుపులు.”

ఈ మాట నేను సహించలేను. అన్నీ ఒకటే అన్నవాడు ఏ ఒక్కటీ సరిగా చూడలేదన్నమాట. ధాన్యం వర్తకుడి ముందు నిలబడి ‘ధాన్యమంటే ధాన్యమే కదా’ అంటే అతను మిమ్మల్ని ఎలా చూస్తాడో, నేను ఎదురింటాయన్ని అలా చూశాను. జపాను బొమ్మల్లో ఎన్ని రకాలున్నాయో, అందులో నాకు ఏది కావాలో, ఏది అక్కర్లేదో నాకు టీవీలు రాక ముందే తెలుసు. పందొమ్మిది వందల అరవైలు ముగుస్తున్న రోజుల్లో, రాజాంలో, ఒక ధాన్యం గోడౌన్లో, పట్టపగలు తెలిసింది. నా పెళ్ళి అవుతుందా లేదా అన్నది కూడా ఆ గోడౌన్లోనే తేలింది.

అప్పుడు నేను డేరా సినిమాలో మిషను ఆపరేటర్ని. ఊరి బయట గుడారం వేసి ఆడించే సినిమా అది. నేల టిక్కెట్టుకి ఇసక, బెంచీ టిక్కెట్టుకి నల్లులు. గాలి వీస్తే తెర ఊగేది, తెరతోపాటు హీరోయిన్ కూడా ఊగేది, దానికి జనం విడిగా ఈల వేసేవారు. వానలు పడితే గుడారం విప్పి మడతపెట్టేవాళ్ళు. మిషను తడవకూడదు గనుక వానాకాలమంతా దాన్ని మా మావ గోడౌన్లో ఒక మూల పెట్టుకునేవాణ్ణి. దానికి కాపలా పేరుతో నేను కూడా అక్కడే ఉండేవాణ్ణి.

మావంటే మా అమ్మకి అన్న. రాజాంలో ధాన్యం కొని అమ్మే వర్తకుడు. ఆయన పద్ధతి ఒకటుంది. రైతు బస్తా దింపగానే గుప్పెడు తీసి, ఒక గింజ పళ్ళ మధ్య పెట్టి కొరికేవాడు. టక్కుమంటే సరే. మెత్తగా దిగితే, “ఎండనేదు, పట్టుకెల్లిపో” అనేవాడు. రెండో మాట ఉండేది కాదు. మనుషుల్ని కూడా కొరికి చూసినట్టే చూసేవాడు. నన్ను చూసిన ప్రతిసారీ, “నీలో తేమ సచ్చినేదురా” అనేవాడు.

ఆయన కూతురు నాకు మరదలు. మా వైపు మేనరికం మామూలే. ఆ పిల్ల పుట్టిన పూటే మా అమ్మమ్మ నాకు చూపించి ‘ఇదిగోరా నీ పెళ్ళాం’ అందట. నేను ఆ మాటని సీరియస్‌గా తీసుకుని పెరిగాను. మావ తీసుకోలేదు. డేరాలో మిషను తిప్పేవాడికి పిల్లనివ్వడం ఆయనకి ఇష్టం లేదు. విజయనగరంలో ఎరువుల కొట్టున్న వాళ్ళ సంబంధం ఒకటి వచ్చింది. పెళ్ళికొడుక్కి స్కూటరు కూడా ఉంది. ఆషాఢం వెళ్ళాక, శ్రావణంలో పిల్లని చూడటానికి వస్తామని కబురు పెట్టారు. నాకు స్కూటరు లేదు. మిషనుంది, అది కూడా నాది కాదు.

అలాంటి ఆషాఢంలో ఒక రోజు సాలూరు బావ లారీ వచ్చి గోడౌను ముందు ఆగింది. మా అక్క మొగుడు ఆయన. సాలూరులో ఏ ఇంటి తలుపు తట్టినా ఒక లారీ డ్రైవరు బయటికొస్తాడు, వాళ్ళలో గట్టి డ్రైవరు మా బావ. విశాఖపట్నం రేవు దాకా సరుకు వేసుకెళ్ళి వస్తుండేవాడు. లారీ దిగి, సీటు కింద నుంచి నాలుగు రేకు డబ్బాలు తీసి నా ముందు పెట్టాడు. మూతల మీద పురుగులు పాకినట్టు ఏదో రాత.

“ఏటి బావా ఇవి?”

“జపాను సినిమాలు.”

“నీకెక్కడివి?”

“పనసపండిచ్చి పట్టుకొచ్చినాను. రేవులో ఇనప రాయి కోసం జపాను ఓడొచ్చినాది. దాని వంటోడు లారీలో ఉన్న పనసపండుని సూసి వాసన పట్టీసినాడు. ఇమ్మని సైగ. ఇచ్చినాను. నూనె రాసుకోరా అని నేను సెప్తంతే ఆడికి అర్థం కానేదు. కోసీసినాడు. రెండు సేతులూ జిగురుకి కరిసీసుకున్నాయి. దండం పెట్టినట్టు అలగే ఉండిపోనాడు. ఓడలో అందరూ ఆడికి తిరిగి దండాలెట్టీడమే!”

“మరి డబ్బాలు?”

“ఆ సేతులు ఇడదీసినందుకు నాకు బహుమానం. కిరసనాయిలు రాసి ఇడదీసినాను.”

పనసపండుతో జపాను సినిమాలు సంపాదించినవాడు మా బావ తప్ప ఈ జిల్లాల్లో ఇంకొకడు లేడు. డబ్బా తెరిచి చూస్తే మా మిషనుకి సరిపోయే సన్న రీళ్ళే. ఆగగలనా? కిటికీలకి గోనెసంచులు వేలాడదీశాం. పక్క మిల్లు నుంచి కరెంటు తెచ్చుకున్నాం. తెరకి ఏదైనా తెల్లగుడ్డ ఇమ్మని అడిగితే మా మరదలు లోపలికి వెళ్ళి వాళ్ళ నాన్న ఉతికిన పంచె పట్టుకొచ్చింది.

“మానాన్నకి తెలిస్తే నన్ను తంతాడు,” అంది.

“మరెందుకు తెచ్చేవు?”

“సినిమా సూడాలని. నీ కోసమనుకుంటన్నావేటి?”

అలా ముగ్గురం, బస్తాల మీద కూర్చుని, మూడు రోజుల పాటు మధ్యాహ్నాల్లో ఆ నాలుగు డబ్బాలూ వేసుకుని చూశాం. గీసిన బొమ్మలు కదలడం అంతకుముందు నేను చూడలేదని కాదు. డేరాలో అసలు సినిమాకి ముందు ఎప్పుడైనా ఓ పిల్లీ ఓ కుక్కా పరిగెత్తే ముక్క వచ్చేది. అది చూసి జనం బీడీలు వెలిగించుకునేవారు. ఇవి అలాంటివి కావు. భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాకపోవడం వల్లే బొమ్మని బొమ్మలాగా చూడటం అలవాటైంది.

మొదటి డబ్బాలో ఒక ఇనపమనిషి. కొండంత ఉంటాడు. అడుగేస్తే ఊరు కూలుతుంది. ఇంకోవైపు నుంచి ఇంకో ఇనపమనిషి వస్తాడు. ఇద్దరూ కొట్టుకుంటారు, కొట్టుకుంటారు, కొట్టుకుంటారు. సాలూరు బావకి అది ప్రాణం. కానీ ఆయన చూసే పద్ధతి వేరు.

“ఒరే, గేరు మార్సకుండా కొండెక్కీస్తన్నాడు సూడు. ఇంజను పాడైపోతాది!” అని బస్తా మీద నుంచి లేచిపోయేవాడు. ఇనపమనిషి మోకాలు విరిగితే తన లారీ ముందు యాక్సిలు విరిగినట్టే బాధపడేవాడు.

రెండో డబ్బాలో బట్టలు కట్టుకున్న ఎలుగుబంట్లు గుమ్మడికాయలు దొంగిలించడానికి వెళ్ళి, తామే కాయల్లో ఇరుక్కుని కొండ మీద నుంచి దొర్లుకుంటూ వస్తాయి. నవ్వించేవే, కాదనను. ఒకసారి నవ్వాను, రెండోసారి చూస్తే ఎక్కడ నవ్వాలో ముందే తెలిసిపోయింది. అలాంటివి నాకు పండగ పూట తినే మిఠాయిలాంటివి, రోజూ వద్దు.

మూడోది దెయ్యాల కథ. పాత ఇంట్లో దీపాలు వాటంతటవే లేచి గది నుంచి గదికి నడుస్తాయి. చివరికి ఒక తలుపు. ఆ తలుపు వెనక ఏముందో చాలాసేపు చూపించరు. మా మరదలికి అదే నచ్చింది. దెయ్యం కనబడ్డాక బావా నేనూ కెవ్వుమన్నాం. ఆవిడ ఆవలించింది.

“దెయ్యం కనపడిపోనాక ఇంకేటి భయం, బావా? కనపడకముందు ఆ తలుపు ఉన్నాది సూడు, అదీ భయం. ఆ తలుపు గీసినోడు గొప్పోడు, దెయ్యాన్ని గీసినోడు మామూలోడు.”

ఆ మాట ఈ రోజుకీ నా దగ్గరుంది. ఏ బొమ్మల కథ చూసినా ముందు తలుపెక్కడుందా అని వెతుక్కుంటాను.

ఇక నాలుగోది. ఒక ముసలామె. ఒక మడి. వాన రాదు. ఆవిడ గట్టు మీద కూర్చుని ఆకాశం చూస్తుంది. తర్వాత వాన వస్తుంది. ఆవిడ ఒక్కతే మడిలో దిగి నాటడం మొదలుపెడుతుంది. సగం నాటేసరికి నడుం పట్టేసి ఇంటికి వెళ్ళి పడుకుంటుంది. అప్పుడు ఒక నక్క వస్తుంది. రెండు కాళ్ళ మీద నిలబడి, తోకని నడుముకి చుట్టుకుని, మిగిలిన సగం మడి నాటి వెళ్ళిపోతుంది. తెల్లారి ముసలామె వచ్చి చూస్తుంది. అంతే కథ.

మిగతా మూడు డబ్బాల్లోనూ ఎవరి కళ్ళు చూసినా కొబ్బరి చిప్పలంత ఉన్నాయి. దీంట్లో ముసలామె కళ్ళు రెండు గీతలు. ఆ గీతలతోనే ఆవిడ ఏడుస్తోందో, ఎండకి కళ్ళు చికిలిస్తోందో తెలిసిపోయేది. నారుమొక్క కొస మీద చినుకు పడితే మొక్క వంగి, చినుకు జారాక మెల్లగా లేచేది. నాటుతూ నాటుతూ ముసలామె లేచి నిలబడి, బురద చేతిని కాక మోచేతిని నడుముకి ఆనించుకునేది. మా అమ్మ సరిగ్గా అలాగే నిలబడేది, చీరకి బురద అంటకుండా. ఎక్కడో సముద్రం అవతల కూర్చుని ఇది గీసినవాడు మడిలో దిగినవాడే, సందేహం లేదు. నేను రీలు తిప్పి మళ్ళీ వేశాను. మళ్ళీ తిప్పి మళ్ళీ వేశాను.

సాలూరు బావ చాలాసేపు ఓపిక పట్టాడు. “ఒరే, సినిమా మొదలెప్పుడవుతాది?”

“అయిపోయింది బావా.”

“ఏటీ జరగనేదు కదరా!”

“వాన పడింది కదా.”

“వాన సూడ్డానికి సినిమా ఎందుకు, తలుపు తియ్యి!” అని నిజంగానే తలుపు తీశాడు. బయట వాన పడుతోంది. నేను అటు చూసి ఇటు చూశాను. పంచె మీద వానే బాగుంది. అదే చెప్పాను.

మా మరదలు నవ్వింది. “కదలని బొమ్మంటే నీకిష్టం. నువ్వూ కదలవు కదా.” కొంచెం ఆగి, “కానీ అది బాగున్నాది, బావా. నా దెయ్యాల తరవాత అదే,” అంది. దెయ్యాల తర్వాత స్థానం దొరికినందుకు నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

అసలు గొడవ ఇక్కడ మొదలైంది. ఆ రోజుల్లో మా వైపు రైతు చెవిన జపాను అన్న మాట పడిందంటే దానికి ఒకటే అర్థం, జపాను పద్ధతి వరి సాగు. ప్రభుత్వం వారి ప్రచారం వ్యాను ఊరూరా తిరిగి, తాడు పట్టుకుని వరసల్లో నాటండి, కుదురుకి రెండు మూడు మొక్కలే పెట్టండి అని తెర మీద బొమ్మ వేసి చూపించేది. కొందరు నాటారు. కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళు పక్కవాడి పంట చూసి గుట్టుగా తాడు కొనుక్కున్నారు. కాబట్టి మావ గోడౌన్లో జపాను సినిమా ఉందని బజారులో పొక్కగానే రైతులందరూ ఒకటే అనుకున్నారు, కొత్త సాగు సినిమా వచ్చిందని. మావ కూడా అదే అనుకున్నాడు.

“ఒరే, జపాను సినిమా డబ్బాలున్నాయంట నీ కాడ?”

“ఉన్నాయి మావా.”

“వరి ఉన్నాదా అందులో?”

నేను ఆలోచించాను. నాలుగో డబ్బాలో మడి ఉంది, నారు ఉంది, నాటే మనిషి ఉంది. ఉన్నదాన్ని లేదనడం నాకు చేతకాదు.

“మొదలంటా వరే, మావా.”

“మరి నోరు మూసుకోని కూకున్నావేటిరా! నాట్ల రోజులు. నాకు ధాన్యం తెచ్చీ రైతులందరికీ కబురెడతాను. నువ్వు కాడుండి ఇవరంగా సెప్పు. ఈ ఒక్క పని తిన్నగా సేసినావంటే పిల్ల సంగతి ఆలోసిస్తాను. నేదంటే శ్రావణంలో ఇజీనారం వోళ్ళొస్తన్నారు. ఇంక నన్నడక్కు.”

మా మరదలు పెరట్లో నన్ను పట్టుకుంది. “బావా, నక్క సంగతి మా నాన్నకి సెప్పేవా?”

“సగం రీలు దాకా నక్క రాదు కదా. అప్పటికి మీ నాన్న కునుకు తీస్తాడు.”

“మా నాన్న ధాన్యం కాడ కునుకు తియ్యడు. ముందే సెప్పీ. నేకపోతే ఆ స్కూటరోడొచ్చి నన్ను ఎక్కించుకుపోతాడు, నువ్వు పంచె మడతెట్టుకుంటావు.”

నేను చెప్పలేదు. నాకు నా మాటల మీద నమ్మకం. నక్కనే కాదు, ఏనుగొచ్చి నాటినా దాన్ని సాగు పద్ధతిగా అమ్మగలననుకున్నాను.

రమ్మన్న రోజు మధ్యాహ్నం, జల్లు పడుతుండగా, రైతులు గిడుగులు నెత్తిన పెట్టుకుని వచ్చారు. తాటాకుతో అల్లిన వానగొడుగుల్నే మేం గిడుగులంటాం. మడిలో వంగినా వీపు తడవకుండా కప్పేస్తాయి. వాటిని పక్కన పెట్టుకుని బస్తాల మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు వెనక, వేలాడదీసిన గోనెపట్టా అవతల కూర్చున్నారు. మావ ముందు వరసలో, చేతిలో గుప్పెడు గింజలతో. నేను మిషను పక్కన నిలబడి మొదలుపెట్టాను.

“అయ్యా, ఇది జపాను దేశం. ఆవిడ అనుభవమున్న రైతు. ప్రస్తుతం వానని పరిశీలిస్తోంది.”

“పరిశీలించీదేటి, మేము రోజూ సేస్తన్నదే కదా,” అన్నాడు తలపాగా చుట్టుకున్న పెద్దరైతు ఒకాయన. అందరూ నవ్వారు. మంచిదే అనుకున్నాను.

“నారు ఏ వయసుది?” ఇంకొకరు.

“లేతది.”

“అది మాకూ అవుపిస్తన్నాది. ఏ రకం?”

“జపాను రకం.”

“తాడేదిరా? తాడు కట్టనేదేటి ముసల్ది?”

“ఆవిడ చూపే తాడు,” అన్నాను. ఈ జవాబు వాళ్ళకి నచ్చింది. మావ తల కూడా కొంచెం ఊగింది.

అప్పుడు తెర మీద వాన మొదలైంది. మిషను పెట్టెలోంచి వాన చప్పుడు. ముందు నాలుగు చినుకులు, తర్వాత చాప పరిచినట్టు. పంచె మీద గీతలు గీతలుగా దిగుతున్న ఆ వాన ఎంత బాగా గీశారంటే, ముందు వరసలో ఒకాయన పక్కకి చెయ్యి చాపి, గిడుగు తీసి నెత్తిన పెట్టుకున్నాడు. ఆయన్ని చూసి పక్కాయన. కాసేపటికి గోడౌనంతా గిడుగులే. వెనకవాళ్ళకి తెర కనబడక, “గిడుగులు దింపండర్రా!” అని కేకలు. “తడిసిపోతన్నాం రా!” అని ముందువాళ్ళు. మా మావ గుప్పెట్లో గింజల్ని పంచె కొంగులో మూట కట్టుకోవడం నేను కళ్ళారా చూశాను.

ముసలామె నడుం పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. నక్క వచ్చింది. ముందు పొదలోంచి దాని కళ్ళు రెండే కనబడతాయి, గుండ్రంగా, రెప్పల్లేకుండా, పంచె నిండా. గోనెపట్టా వెనక ఆడవాళ్ళు ఒక్కసారిగా, “జై జగన్నాథా!” అని చేతులు జోడించారు. మాకు పూరీ దగ్గరే, ఏటేటా వెళ్ళి వచ్చేవాళ్ళున్నారు. అలాంటి కళ్ళు ఎవరివో వాళ్ళకి ఇంకొకరు చెప్పాలా? ఇంతలో ఆ కళ్ళకి మూతి వచ్చింది, చెవులు వచ్చాయి, తోక వచ్చింది. తోకని నడుముకి చుట్టుకుని నక్క మడిలో దిగింది.

జోడించిన చేతులు ఒక్కొక్కటే దిగాయి.

“ఒరే,” అన్నాడు మావ. “నక్క నాట్లేస్తన్నాదేటి?”

“అక్కడ కూలీలు దొరకరు మావా. అందుకని నక్కలకి నేర్పుతారు.”

“కూలేటిస్తారు దానికి?” అన్నాడు పెద్దరైతు.

“కోడిపిల్లనిస్తారు.”

“మద్దినాళానికి అంబలి?”

అంతే, గోడౌను పగిలిపోయేలా నవ్వారు. ఆ నవ్వు నన్ను ఆదరించే నవ్వు కాదు. మావ లేచి నిలబడ్డాడు. తెర మీద ఆయన నీడ పడి నక్క మాయమైంది.

“ఆపు.”

మిషను దీపం ఆర్పి రీలు ఆపాను.

“నాట్లు మానుకోని వొచ్చినోళ్ళకి నక్కాట సూపిస్తావురా? నా కొట్టుకి వొచ్చీ రైతుల కాడ నా పరువు తీసీసినావు. నీకు పిల్లనిస్తే దాన్నీ ఇలగే మాటల్తో బతికిస్తావు. అయిపోనాది. ఇజీనారం కబురెట్టీస్తాను, శ్రావణం దాకా ఆగక్కర్నేదు, రేపే రమ్మంటాను.”

చీకటి. పైన రేకుల మీద అసలు వాన. నా బతుకు ఆ చీకట్లో వేలాడుతోంది.

అప్పుడు నేను మిషను పక్క నుంచి నాలుగడుగులు ముందుకి వచ్చి, మావకి ఎదురుగా నిలబడ్డాను.

“మావా, ఇది సేద్దెం సినిమా కాదు. కత. వానా, ముసల్దీ, నక్కా, అంతే. కొట్టుకునీ సినిమా కావాలంతే ఉన్నాది. నవ్వుకునీదీ ఉన్నాది, జడుసుకునీదీ ఉన్నాది. నాలుగూ సూసినాక ఇది మంచిదని ఏరినాము. నీ ధాన్యాన్ని నువ్వు ఏరవా, అలగ. ఆఖరు దాకా సూడు. బాగోకపోతే అప్పుడు తిట్టు. సగంలో తిట్టడం నాయం కాదు.”

మావ నోరు తెరిచాడు. ఆయన కంటే ముందు తలపాగా పెద్దరైతు గొంతు వినబడింది. “కూకోవోయ్, సావుకారూ. తెల్లారితే ముసల్దేటంతాదో సూడాలి. మడి ఎవులు నాటినారో దానికి తెల్దు కదా.”

“అవును, సూడాలి,” అన్నారు ఇంకొందరు. మావ కూర్చున్నాడు. మిషను మళ్ళీ తిరిగింది.

తెల్లారింది తెర మీద. ముసలామె గట్టు మీదికి వచ్చింది. నాటి ఉన్న మడి చూసింది. బురదలో నక్క అడుగులు చూసింది. ఎవరినీ పిలవలేదు, ఆశ్చర్యపోలేదు. ఇంట్లోకి వెళ్ళి, ఆకులో రెండు ముద్దల అన్నం తెచ్చి గట్టు మీద పెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఆ రెండు గీతల కళ్ళు ఒక్కసారి వంగాయి. రీలు అయిపోయి తెల్లటి వెలుగు పంచె మీద పడింది.

మావ అన్న మొదటి మాట: “వొంకరగా నాటినాది.”

“నక్క కదేటి,” అన్నాడు పెద్దరైతు. “దానికొచ్చినట్టు నాటినాది.”

“అదే అంటన్నాను. ముసల్ది నాటిన సగం తిన్నగా ఉన్నాది, నక్క సగం వొంకర. గీసినోడు సూసుకోని గీసినాడు.”

ఆ మాటతో నాకు ఊపిరొచ్చింది. మావ తప్పు పట్టింది బొమ్మలో కాదు, నక్క పనిలో. ఆయన కథ లోపలికి వెళ్ళిపోయాడన్నమాట.

ఆ తర్వాత ఎవరూ లేవలేదు. మిగతా మూడు డబ్బాలూ కూడా వెయ్యమన్నారు. వేశాను. ఎలుగుబంట్లు దొర్లితే ఆడవాళ్ళు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. దీపాలు నడుస్తుంటే పెద్దరైతు గిడుగుతో మొహం కప్పుకుని, ఆకుల సందులోంచి చూశాడు. ఇనపమనుషుల దగ్గర మాత్రం రెండు జట్లయిపోయారు. పడ్డవాడు మళ్ళీ లేస్తాడని ఒక జట్టు, లేవడని ఒక జట్టు. మావకి అది నచ్చలేదు. “సేతిలో పని నేనోళ్ళు కొట్టుకుంటన్నారు,” అని ఒక్క మాటలో తీసిపారేశాడు. దెయ్యాలది పర్వాలేదన్నాడు. ఆఖర్న, అందరూ గిడుగులు సర్దుకుంటుండగా, “ఆ వాన ముక్క ఇంకోపాలి వెయ్యి,” అన్నాడు, ఎవరితోనో అన్నట్టు, అటు తిరిగి.

రుచి అంటే అది. ఒకే దేశం నుంచి, ఒకే పనసపండుకి వచ్చిన నాలుగు డబ్బాలు. సాలూరు బావకి ఒకటి, మా మరదలికి ఒకటి, ఆడవాళ్ళకి ఒకటి, నాకూ మావకీ ఒకటి. ఇవాళ నేను టీవీలో చూసేవాటిలో కూడా నూటికి తొంభై నాకు అక్కర్లేదు. అరుపులొస్తే లేచి వెళ్ళిపోతాను. చినుకు పడి మొక్క వంగి లేస్తే మాత్రం, ఇంట్లో అన్నం చల్లారిపోతున్నా కదలను. ఎదురింటాయనకి ఇదంతా చెప్పాను. ఆయన విని, “నక్క నిజంగానే నాట్లేసిందా?” అని అడిగాడు. ఆయనకింకా చాలా చూపించాలి.

రైతులందరూ వెళ్ళిపోయాక మావ నన్ను పిలిచి, “నాట్ల రోజుల్లో రైతుని కదలకండా కూకోబెట్టడం నా అబ్బ వల్ల కానేదు. నువ్వు కూకోబెట్టినావు. రేప్పొద్దున్న నుంచి కొట్లోకి వొచ్చీ. ఇజీనారం వోళ్ళకి వొద్దని సెప్పీస్తాను,” అన్నాడు. కార్తీకంలో మా పెళ్ళయింది.

ఇంతవరకూ రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. అంతా విని, చేటలో బియ్యం ఏరుకుంటూనే, “మిషను పక్క నుంచి నాలుగడుగులు ముందుకొచ్చింది ఎవులు?” అని అడిగింది. మొదట్లో వేసిన ఒట్టు ఇంకా ఆరలేదు, కళ్ళు పోతాయన్న భయం ఉంది గనుక చెప్పేస్తున్నాను. పనసపండు నిజం. జిగురు నిజం. గోడౌన్లో గిడుగులు పెట్టుకోవడం నిజం. నేను కల్పించిందల్లా ఆ ఒక్క చోటే. ‘ఇది సేద్దెం సినిమా కాదు’ అన్నది నేను కాదు, ఆవిడ. గోనెపట్టా ఎత్తి, అంతమంది మొగవాళ్ళ మధ్య నుంచి నడిచొచ్చి, వాళ్ళ నాన్నకి ఎదురుగా నిలబడి, ‘మావా’ అన్నచోట ‘నాన్నా’ అని, పైన రాసిన మాటలే అంది, చివర ఇంకొకటి కలిపి: “బావ ముందే సెప్పవలిసినాది, సెప్పనేదు. అది ఆడి తప్పు. అలగని నన్ను స్కూటరెక్కించకు. నేనెక్కను.” మావ కొట్లోకి రమ్మని నన్ను పిలిచింది కూడా రైతుల్ని కూర్చోబెట్టినందుకు కాదు. కూతురు నలుగురిలో అంత మాట అన్నాక విజయనగరం కబురు పెట్టే దారి ఆయనకి లేకపోయింది.

ఆ సమయంలో నేను మిషను బల్ల వెనక వంగుని ఉన్నాను, వైరు చూస్తున్నట్టు. ఆవిడ అంతా చెప్పేసి, మావ కూర్చుని, గోడౌనంతా నా వైపు తిరిగాక, ఆ మధ్యాహ్నం నా అంతట నేను ధైర్యంగా అన్న మాట ఒక్కటే ఉంది.

“దీపం వెయ్యనా, మావా?”